ముందు ఆకు, ఆ తర్వాతే రెక్క

గోడ మీద గోధుమరంగు చుక్క లాంటి మాత్ (సీతాకోకచిలుక చుట్టం) ఫొటో ఒకటి తీసి "దీని పేరేంటి" అని అడిగేవాళ్లు చాలామంది. ఫోన్‌లోని యాప్ కూడా అదే ఫొటో చూసి ఏదో ఒక పేరు చెప్పేస్తుంది. ఆ పేరు ఒక్కోసారి సరిపోవచ్చు కూడా. అయినా అర సెంటీమీటరు లేని పురుగుకు రెక్క ఫొటో ఒక్కటే ఆధారమైతే ఆ పేరు మీద నాకు నమ్మకం కుదరదు. ఏ చెట్టు, పిల్ల పురుగు తిన్న మచ్చ ఆకుకు ఏ వైపు, అది ఎలా మొదలైంది, ఏ నెల. ఈ నాలుగూ తెలిస్తే చాలాసార్లు పురుగును చూడకుండానే పేరు చెప్పవచ్చు. పేరు తెలిశాక తీరిగ్గా చదువుకోవడానికే జీవితచక్రం అని చాలామంది అనుకుంటారు. చిన్న మాత్‌ల దగ్గర ఆ వరస పనికిరాదు. జీవితచక్రం తెలిసినవాడికే పేరు దొరుకుతుంది.

ఈ మాటకు ఐరోపాలో దొరికే మంచి ఉదాహరణ కామెరారియా ఓహ్రిడెల్లా. హార్స్ చెస్ట్‌నట్ చెట్టు ఆకుల లోపల బతికే పురుగు ఇది. రెక్కలు చాచితే 7 నుంచి 9 మిల్లీమీటర్లు. ముడుచుకుని కూర్చుంటే బియ్యపు గింజ దీనికన్నా పెద్దదిగా కనిపిస్తుంది. జర్మనీలో చదువుకుంటున్న మనవాళ్లు, లండన్‌లో ఉద్యోగాలు చేసేవాళ్లు ఈ చెట్టు కింద నడవకుండా ఉండరు. పార్కుల్లో, రోడ్ల పక్కన, మ్యూనిక్ బీరు తోటల్లో నీడ కోసం వరసగా పెంచిన చెట్టు ఇదే. బూరుగాకులా ఒకే కాడ చివర 5 నుంచి 7 చిట్టి ఆకులు విచ్చుకుని ఉంటాయి. మే నెలలో తెల్లటి పూలగుత్తులు నిలువుగా దీపాల్లా నిలబడతాయి. ఆగస్టు వచ్చేసరికి చుట్టూ చెట్లన్నీ పచ్చగా ఉంటే ఇదొక్కటి మాడిపోయినట్టు గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్లు చాలలేదనో, చెట్టు ముసలిదైందనో అనుకుంటారు. అసలు సంగతి ఆకు లోపలుంది.

ఒక ఆకు కోసి పైవైపు చూడండి. ఆకుకు మధ్య ఈనె ఉంటుంది, దాని నుంచి రెండు పక్కలకూ పక్క ఈనెలు పోతాయి. మచ్చ ఈ పక్క ఈనెల మధ్య ఇరుక్కుని, ఈనె వెంట పొడవుగా సాగి ఉంటే అది మొదటి గుర్తు. ఇప్పుడు ఆ ఆకును ఎండకు ఎత్తి పట్టుకోండి. పురుగు చేసిన మచ్చలో వెలుతురు దూరుతుంది, నూనె కాగితంలా కనిపిస్తుంది. లోపల నల్లటి మలం గుళికలు, అదృష్టం ఉంటే కదులుతున్న పురుగు నీడ కూడా కనిపిస్తాయి. తర్వాత గోటితో మచ్చ మీద మెల్లగా గీరండి. పైపొర పల్చటి కాగితంలా విడిగా లేచి వస్తుంది. ఎందుకంటే పురుగు పైపొరను వదిలేసి, దాని కిందున్న పచ్చటి కండను మాత్రమే తినేసింది. ఆకుకు పైన చర్మం, కింద చర్మం మిగిలి, నడుమ ఖాళీ గది ఏర్పడింది. మచ్చ అని మనం అనుకునేది ఆ గదినే.

అందరూ తప్పటడుగు వేసేది ఇక్కడే. ఇదే చెట్టు ఆకుల మీద ఒక బూజు తెగులు కూడా వస్తుంది, పాత పుస్తకాల్లో గిగ్నార్డియా అనే పేరుతో ఉంటుంది. అదీ గోధుమరంగు మచ్చే, అదీ వేసవిలోనే. అయితే తెగులు మచ్చ చుట్టూ పసుపు అంచు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఈనెలను లెక్కచేయకుండా వాటిని దాటి పాకుతుంది. ఎండకు ఎత్తి పట్టుకుంటే వెలుతురు దూరదు, గోటితో గీరితే పొర లేవదు. ముదిరాక మచ్చ మీద సూది మొనంత నల్లటి చుక్కలు వస్తాయి, వాటిని పురుగు మలం అనుకోకూడదు. మలం పొర కింద ఉంటుంది, బూజు చుక్కలు పొరలోనే పాతుకుని ఉంటాయి. ఇంకొకటి నీటి ఎద్దడి. అది ఆకు అంచుల నుంచి లోపలికి ఎండుతూ వస్తుంది, పక్క ఈనెల మధ్య మచ్చలుగా మొదలుకాదు. ఒకే ఆకు మీద ఈ మూడూ కలిసి ఉండటం మామూలే. కాబట్టి "పురుగా, తెగులా" అని అడిగితే జవాబు రెండూ కావచ్చు. ఒక్క మచ్చ చూసి చెట్టంతటికీ తీర్పు చెప్పకుండా, చెట్టు కింది కొమ్మల నుంచి కనీసం పది ఆకులు తీసి చూడాలి.

కింది కొమ్మలే ఎందుకంటే, వసంతంలో తొలి తరం మాత్‌లు నేల మీది ఎండుటాకుల్లోంచి పైకి వస్తాయి. వాటికి ముందుగా అందేవి కింది కొమ్మలే. మే చివర, జూన్‌లో గుర్తులు అక్కడే ఎక్కువ. తర్వాతి తరాలతో మచ్చలు పైకి ఎక్కుతూ పోతాయి. జూన్‌లో కింది కొమ్మలు శుభ్రంగా ఉండి పైకొమ్మలు మాడి ఉంటే నేనైతే ముందు వేరే కారణం వెతుకుతాను.

మచ్చ వయసు చదవడం వస్తే సగం పని అయిపోయినట్టే. ఆడ మాత్ ఆకు పైవైపున పక్క ఈనెల దగ్గర గుడ్లను ఒక్కొక్కటిగా పెడుతుంది. ఒక్కో ఆడది మామూలుగా 20 నుంచి 40 దాకా పెడుతుంది. గుడ్డు అర మిల్లీమీటరు కూడా ఉండదు, తెల్లగా, చదునుగా ఉంటుంది. భూతద్దం లేకుండా దాన్ని వెతకడం వృథా. వసంతపు చలిలో గుడ్డు పగలడానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. పగిలీ పగలగానే పురుగు బయట ఒక్క క్షణం కూడా తిరగదు, గుడ్డు కింద నుంచే నేరుగా ఆకులోకి దూరుతుంది. మొదట ఈనె వెంట కామా గుర్తంత సన్నటి గీత, తర్వాత రెండు మూడు మిల్లీమీటర్ల గుండ్రటి గోధుమ చుక్క. ఈ దశలో పురుగు కండ నమలదు. దవడలతో కణాలను కోసి రసం తాగుతుంది. తర్వాత పెరిగిన దశల్లో కండ తినడం మొదలుపెడుతుంది, అప్పుడే చుక్క ఒక్కసారిగా వెడల్పయి నాలుగు సెంటీమీటర్ల దాకా సాగుతుంది. ఆకు మీద పురుగులు ఎక్కువైతే గదులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. అప్పుడు ఒక్కో మచ్చను లెక్కపెట్టే ప్రయత్నం మానేసి, ఆకు విస్తీర్ణంలో ఎంత భాగం పోయిందో చెప్పడమే సరైన కొలత.

సన్నటి సూదితో మచ్చకు మూడు పక్కలా కోసి మూతలా ఎత్తితే లోపలి పురుగును చూడవచ్చు. బాగా పెరిగినది సుమారు 5 మిల్లీమీటర్లు ఉంటుంది. ఒళ్లు పైనుంచి కిందికి నొక్కినట్టు చదునుగా, ఒక్కో కణుపు దగ్గర లోతుగా నొక్కుకుపోయి పూసల దండలా కనిపిస్తుంది. తల ముందుకు చొచ్చుకుని ఉంటుంది. నేల మీద పాకే గొంగళిపురుగును ఊహించుకుని చూస్తే ఇది మాత్ పిల్ల అని నమ్మబుద్ధి కాదు. రెండు పొరల మధ్య ఇరుకులో బతకడానికి తగ్గట్టు తయారైన ఒళ్లు అది. తినడం ఆపేశాక చివరి దశల్లో పట్టుదారం మాత్రమే అల్లుతుంది. చలికాలం గడపాల్సిన తరంలో ఈ దారంతో గట్టి గుండ్రటి గూడు తయారవుతుంది. వేలితో తడిమితే మచ్చ మీద చిన్న బొడిపెలా తగులుతుంది. వేసవి తరాలు చాలావరకు ఆ గూడు జోలికి పోకుండానే ప్యూపాగా (పురుగుకూ రెక్కల మాత్‌కూ నడుమ దశ) మారిపోతాయి.

మాత్ బయటికి వచ్చే ముందు ప్యూపా పైపొరను పొడిచి సగం దాకా బయటికి తోసుకొస్తుంది. మాత్ ఎగిరిపోయాక ఆ ఖాళీ గోధుమరంగు తొడుగు ఆకు మీద ముల్లులా నిలబడి ఉంటుంది. ఇది నాకు చాలా ఇష్టమైన ఆధారం. తొడుగు ఉంటే ఆ గదిలోంచి మాత్ క్షేమంగా బయటపడిందని అర్థం. పైపొర చిరిగి, లోపల ఖాళీగా ఉండి, తొడుగు లేకపోతే పక్షి పని. నీలి టిట్ పిట్టలు ఈ మచ్చలను ముక్కుతో చీల్చి పురుగును లాక్కుంటాయి. చిన్న గుండ్రటి రంధ్రం మాత్రమే ఉంటే, పురుగును తిని పెరిగే పరాన్నజీవి కందిరీగ బయటికి వచ్చిన దారి అయి ఉండవచ్చు. ఒక్క ఆకు మీద ఎవరు బతికారు, ఎవరు చచ్చారు, ఎవరు ఎవరిని తిన్నారు అన్న లెక్కంతా దొరుకుతుంది. గోడ మీది మాత్ ఫొటోలో ఇవేవీ ఉండవు.

ఇక రెక్కల సంగతి. ముందు రెక్క మెరిసే ఇటుకరంగు గోధుమ. దాని మీద అడ్డంగా తెల్లటి పట్టీలు, వాటికి నల్లటి అంచు. తల మీద ఇటుకరంగు, తెలుపు కలిసిన కుచ్చు. కాళ్లు తెల్లగా, నల్లటి వలయాలతో ఉంటాయి. వెనక రెక్కలు బూడిదరంగులో, సన్నగా, పొడవాటి కుచ్చు అంచుతో ఉంటాయి. దీనితో పొరపడే దగ్గరి చుట్టం ఫిల్లోనోరిక్టర్ అనే ప్రజాతి. ఐరోపాలో దానికి డజన్ల కొద్దీ రకాలున్నాయి, చాలావాటికి ఇదే రంగు, ఇవే తెల్ల గీతలు. ఫిల్లోనోరిక్టర్‌లో తెల్ల గీతకు నల్ల అంచు సాధారణంగా రెక్క మొదలు వైపు ఉంటుంది, కామెరారియాలో రెక్క కొస వైపు ఉంటుంది. చూడటం వచ్చినవారికి ఇది మంచి గుర్తే. కానీ మాత్ రెండు రోజులు ఎగిరితే పొలుసులు రాలిపోతాయి, ఫోన్ ఫొటోలో ఆ నల్ల గీత ఏ వైపుందో తేలదు. అదే ఆకు దగ్గరికి వెళ్తే తేడా ఒక్క చూపులో తెలుస్తుంది. ఫిల్లోనోరిక్టర్ గదులు ఎక్కువగా ఆకు కింది వైపున ఉంటాయి. పురుగు దారంతో లాగి బిగించడం వల్ల పొర ముడతలు పడి, గది చిన్న డేరాలా ఉబ్బుతుంది. కామెరారియా గది పైవైపున, చదునుగా ఉంటుంది. ఓహ్రిడెల్లా అప్పుడప్పుడు సికమోర్ అనే మేపుల్ ఆకుల్లో కూడా గుడ్లు పెడుతుంది. అదే ఆకు కింది వైపున ఫిల్లోనోరిక్టర్ జెనిక్యులెల్లా ఉంటుంది. అక్కడ పైవైపా, కింది వైపా అన్న ఒక్క ప్రశ్నతో రెండూ విడిపోతాయి.

ఒక మాట ఒప్పుకోవాలి. తాజాగా బయటికి వచ్చిన ఓహ్రిడెల్లా, చెస్ట్‌నట్ చెట్టు మొదలు మీద, మే నెల ఉదయం, డజన్ల కొద్దీ కూర్చుని ఉంటే దాన్ని గుర్తుపట్టడానికి ఆకు అక్కర్లేదు. చిన్న మాత్‌లలో తేలిగ్గా గుర్తుపట్టగలిగిన వాటిలో ఇదొకటి. అయితే ఆ వాక్యాన్ని మళ్లీ చదవండి. చెట్టు పేరు, నెల, పొద్దు, కూర్చున్న చోటు అన్నీ అందులో ఉన్నాయి. రెక్క ఆ లెక్కలో చివరి అంకె.

ఏడాదిలో సాధారణంగా మూడు తరాలు. మొదటి ఎగురుడు ఏప్రిల్ చివర నుంచి మే దాకా, చెట్టు పూతకొచ్చే వేళకు. రెండోది జులై ప్రాంతంలో. మూడోది ఆగస్టు, సెప్టెంబరుల్లో. ఎండగా, పొడిగా ఉన్న ఏడు ఇంకా పెరుగుతాయి, చల్లటి చోట్ల రెండుతో ఆగుతాయి. శరదృతువులో ఆకు రాలినప్పుడు ఆకులోని ప్యూపా దానితోపాటే నేల మీదికి దిగుతుంది. చలికాలమంతా ఎండుటాకులోనే ఉంటుంది, మంచుకు చావదు. అంతా ఒక్కసారి మేలుకోదు కూడా. కొన్ని మరుసటి వసంతాన్ని వదిలేసి ఇంకో చలికాలం అలాగే నిద్రపోతాయి.

జీవితచక్రం ఎందుకు ముందు తెలియాలో ఇక్కడ తేటపడుతుంది. ఏడాదిలో ఆరు నెలలు ఈ పురుగు మొత్తం సంతానం ఒకేచోట, కదలకుండా, మన చీపురుకు అందేలా నేల మీద పడి ఉంటుంది. అందుకే దీనికి మందులకన్నా ఊడ్పు మేలు. నవంబరు, డిసెంబరుల్లో ఆకు పూర్తిగా రాలాక ఊడ్చాలి, ఏప్రిల్ దాటితే ప్రయోజనం లేదు. ఊడ్చిన ఆకును కుప్పగా వదిలేస్తే మాత్‌లను పోగుచేసి పెట్టినట్టే. కుప్ప మీద కనీసం 10 సెంటీమీటర్ల మట్టిగానీ, పురుగు లేని వేరే ఆకుగానీ కప్పాలి, అప్పుడు బయటికి రాలేవు. పెద్ద కంపోస్టు కేంద్రాల్లో కుప్ప లోపల పుట్టే వేడికి ప్యూపాలు చస్తాయి, ఇంటి పెరట్లోని చిన్న కుప్పకు అంత వేడి రాదు. అలాంటప్పుడు ప్లాస్టిక్ సంచుల్లో కట్టి, వసంతపు ఎగురుడు అయిపోయే దాకా, అంటే జులై దాకా విప్పకుండా ఉంచాలి. పొదల కింద, కంచె మూలల్లో చిక్కుకున్న ఆకులను వదిలేయడమే ఎక్కువమంది చేసే పొరపాటు. పక్క తోటవాళ్లు ఊడ్వకపోతే రెండో తరం నాటికి పురుగు మళ్లీ వస్తుంది. అయినా మొదటి తరం తగ్గితే జూన్, జులై నెలల్లో ఆకు పచ్చగా నిలుస్తుంది, చెట్టుకు కావలసింది అదే.

ఊడ్పులో ఒక నష్టం ఉంది, దాన్ని దాచకూడదు. ఆ ఆకుల్లోనే పరాన్నజీవి కందిరీగలు కూడా చలికాలం గడుపుతాయి. ఆకును నాశనం చేస్తే శత్రువు, శత్రువును చంపేవాడు ఇద్దరూ పోతారు. స్విట్జర్లాండ్ పరిశోధకులు కెర్లీ, బాకర్ దీనికి ఒక చక్కటి ఉపాయం చూపించారు. ఆకులను డబ్బాలో వేసి, మాత్ దూరలేని, కందిరీగ మాత్రం దూరగల జాలీ బిగించారు. అయితే ఈ కందిరీగలకు ఇంకో చిక్కుంది. వసంతంలో అవి మేలుకునేసరికి ఆకుల్లో వాటికి పనికొచ్చే పురుగులు ఇంకా తయారై ఉండవు, వేరే చెట్ల మీది పురుగులను వెతుక్కుంటూ పోతాయి. కొత్తగా వచ్చిన పురుగుకు, పాత శత్రువులకు కాలెండరు కలవకపోవడం వల్లే ఇక్కడ పరాన్నజీవుల దెబ్బ తక్కువ.

ఆకర్షక ఎర గురించి కూడా తప్పుడు ఆశలు పెట్టుకోవద్దు. ఆడ మాత్ విడిచే వాసన పదార్థాన్ని 1999లో గుర్తించారు, దాన్ని కృత్రిమంగా తయారుచేసి జిగురు ఉచ్చుల్లో పెడతారు. ఉచ్చులో మగవి వందల్లో పడతాయి. దాంతో పురుగు తగ్గిపోయిందని సంబరపడేవాళ్లున్నారు. మిగిలిన కొద్ది మగవి చాలినన్ని ఆడవాటితో జతకడతాయి, గుడ్లు పడుతూనే ఉంటాయి. ఎగురుడు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పతాకస్థాయికి చేరింది అని లెక్కవేయడానికి ఉచ్చు చాలా మంచిది. అంతవరకే.

పెంచి చూడాలనుకునేవాళ్లకు రెండు పద్ధతులు. వేసవిలో అయితే మచ్చ పెద్దదై, లోపల పెరిగిన పురుగుగానీ ప్యూపాగానీ ఉన్న ఆకునే కోయాలి. చిన్న చుక్కలున్న ఆకు కోస్తే రెండు రోజుల్లో వాడిపోతుంది, రసం తాగే దశలోని పురుగు ఆకలితో చస్తుంది. చలికాలంలో అయితే రాలిన ఆకులను వల సంచిలో వేసి, బయటే నీడలో, వాన నేరుగా పడని చోట వేలాడదీయాలి. అక్టోబరులోనే వెచ్చటి గదిలోకి తెచ్చేస్తే చలి తగలని ప్యూపాలు సరిగ్గా మేలుకోవు. ఫిబ్రవరి చివర లోపలికి తెచ్చి, గాజు సీసాలో సగం దాకా నింపి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, కొద్దిగా తడిపిన టిష్యూ కాగితం ఒకటి వేయాలి. తడి ఎక్కువైతే బూజు పడుతుంది, బొత్తిగా లేకపోతే ప్యూపా ఎండిపోతుంది. రెండు మూడు వారాల్లో మాత్‌లు వస్తాయి, రోజూ చూడాలి. మచ్చ ఉన్న ఆకునొకదాన్ని పుస్తకంలో నొక్కి, తేదీ, ఊరు, చెట్టు పేరు రాసి మాత్‌తోపాటే దాచాలి. సీసాలో మాత్‌కు బదులు మెరిసే చిన్న కందిరీగ వస్తే పారేయకండి, అది కూడా రికార్డే. పొలుసులు రాలిన మాత్‌కు పేరు ఖాయం చేయాలంటే చివరికి పొట్ట భాగాన్ని 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో నానబెట్టి జననాంగాలు చూడాల్సిందే, లేదా డీఎన్ఏ పరీక్షకు పంపాలి.

నొక్కిన ఆకు విలువ ఎంతో ఈ పురుగు చరిత్రే చెబుతుంది. 1980ల మధ్యలో ఇప్పటి ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ సరస్సు దగ్గర ఇది కంటపడింది. 1986లో డెష్కా, డిమిచ్ అనే శాస్త్రవేత్తలు దీన్ని కొత్త జాతిగా వర్ణించి ఆ సరస్సు పేరే పెట్టారు. 1989లో ఆస్ట్రియాలో తేలింది. వాహనాలకు అంటుకుని, రాలిన ఆకులతో కలిసి ప్రయాణించి, 2002లో లండన్ వింబుల్డన్ చేరింది. ఎక్కణ్ణుంచి వచ్చిందన్న దాని మీద చాలాకాలం వాదనలు జరిగాయి. 1879లో గ్రీసు కొండల్లో సేకరించి హెర్బేరియంలో (ఎండబెట్టిన మొక్కలను భద్రపరిచే చోట) దాచిన హార్స్ చెస్ట్‌నట్ ఆకుల మధ్య నలిగిపోయిన పురుగులు దొరికాయి, వాటి డీఎన్ఏ చదివారు. పురుగు బాల్కన్ ప్రాంతానిదేనని అలా తేలింది. చెట్టు పుట్టిల్లూ అదే. ఇస్తాంబుల్ దారిలో వియన్నాకు చేరిన ఆ చెట్టును 1576లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు అక్కడ పెంచాడు. చెట్టు వెళ్లిన నాలుగు వందల ఏళ్లకు పురుగు వెళ్లింది. మొక్కల కోసం ఆకు సేకరించిన మనిషికి తాను ఒక మాత్ చరిత్రను దాస్తున్నానని తెలియదు.

హార్స్ చెస్ట్‌నట్ చుట్టాలన్నీ ఈ పురుగుకు పనికిరావు. ఎర్రపూల రకం మీద గుడ్లు పెడుతుంది, పురుగులు చిన్న చుక్క దశలోనే చచ్చిపోతాయి. ఎర్రపూల చెట్టు ఆకుల మీద పెరగని చుక్కలు మాత్రమే ఉంటే కారణం అది. మన హిమాలయాల్లో పెరిగే రకం కూడా చాలావరకు తట్టుకుంటుంది.

మన వైపు చూస్తే, ఇదే గ్రాసిల్లారిడే కుటుంబానికి చెందిన మాత్ నల్గొండ, అనంతపురం బత్తాయి తోటల్లో ప్రతి కొత్త చిగురు మీదా ఉంటుంది. ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా, 1856లో కలకత్తా నుంచి వర్ణించినది. లేత ఆకులో వెండి రంగు పాము నడకలాంటి దారి, దారి మధ్యలో సన్నటి మలం గీత, చివర ఆకు అంచు మడతలో ప్యూపా. ఈ మన పురుగు 1993లో స్పెయిన్ నారింజ తోటలకు చేరింది. ఇక్కడా అదే పద్ధతి పనిచేస్తుంది. టమాటా ఆకుల్లో పాము గీతలు చూసి దీనికీ దానికీ ఒకే మందు అనుకుంటే తప్పు. టమాటాలోని సన్నటి వంకర గీత తరచుగా లిరియోమైజా అనే ఈగది. 2014లో దేశంలోకి వచ్చిన టూటా అబ్సల్యూటా చేసేది వెడల్పాటి గది, అది మాత్‌ది. వేరుశనగ ఆకుముడత ఇంకో మాత్, దాని కుటుంబం బత్తాయి పురుగుది కాదు, టూటాది. లీఫ్ మైనర్ (ఆకు లోపల తొలిచి తినేది) అన్నది పురుగు పేరు కాదు, అది తినే తీరు పేరు. ఏ పంటో, గీతో గదో, మలం ఎలా పరిచిందో, ప్యూపా ఆకులోనా మట్టిలోనా అన్నది రాసుకున్నాకే దుకాణానికి వెళ్లాలి.

హార్స్ చెస్ట్‌నట్ ఈ పురుగు వల్ల చచ్చిపోదు. పెద్ద నష్టం జరిగేసరికి ఆ ఏటి ఎదుగుదల చాలావరకు అయిపోయి ఉంటుంది. గింజలు మాత్రం చిన్నబోతాయి. ఆకులు మరీ ముందుగా మాడిన చెట్టు సెప్టెంబరులో మళ్లీ చిగురించి ఒకటి రెండు గుత్తులు పూస్తుంది. అలాంటి చెట్టు కనబడితే ఆ కొత్త చిగురు ఆకులు కూడా తిప్పి చూడండి. మూడో తరం ఆలస్యంగా ఎగిరి ఉంటే పక్క ఈనెల వెంట కామా గుర్తులు వాటి మీద కూడా ఉంటాయి.